పెద్ద గొడుగు అతుకు

ఆ చప్పుడు చెవికంటే ముందు చేతికి తెలిసింది. బస్టాండు ముందు నిలబెట్టిన ఇనుప స్తంభానికి అరచెయ్యి ఆనించి గేట్లక్క పైకి చూస్తోంది. చిన్న గాలి తెర వచ్చింది. పైనెక్కడో 'టిక్'మంది. గిన్నె మీద గోటితో కొడితే వచ్చేంత చప్పుడు, అంతే. బెంచీల మీద కూర్చున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. గేట్లక్కకి మాత్రం మోచేతి దాకా జివ్వుమంది. 

దాన్ని నిలబెట్టి నాలుగు రోజులే అయింది. మధ్యలో రెండు నిలువుల స్తంభం, దాన్నుంచి కొమ్మల్లా చాచిన ఇనుప చేతులు, ఒక్కో చేతి చివర ఒక్కో రేకు గొడుగు. ఆరు చిన్నవి, ఒకటి పెద్దది. పెద్దదాని చెయ్యి అన్నిటికంటే పొడుగు. దాని నీడ సరిగ్గా రెండు బెంచీల మీద పడుతుంది. బరువు నలుగురు మనుషులంత. ఆ గొడుగు కింద ఇప్పుడు ఒకావిడ కూతురికి జడ వేస్తోంది. పక్కనే రోజూ వచ్చే పెద్దాయన పేపరు మొహం మీద కప్పుకుని కునుకు తీస్తున్నాడు.

ఇంకోసారి చప్పుడవుతుందేమోనని గేట్లక్క ఊపిరి బిగబట్టింది. కాలేదు. 'బస్సు చప్పుడేమో' అనుకుంది. కానీ తన చేతిని తాను ఎట్లా కాదంటుంది? ఇరవై రెండేళ్ళుగా ఇనుముతో కాపురం చేస్తున్న చెయ్యి అది.

వాళ్ళ వీధిలో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేస్తుంది కాబట్టి గేట్లక్క. తండ్రి పెట్టిన షాపు అది. ఆయన కళ్ళు వెల్డింగ్ మంటకి మసకబారిపోయాక రాడ్డు ఈమె చేతికొచ్చింది. ఊళ్ళో ఏ కొత్త కట్టడం కట్టినా ఖర్చులో నూటికి ఒక రూపాయి కళకి పెట్టాలని నగర సభ, అదే మునిసిపాలిటీ, కిందటేడు తీర్మానించింది. బస్టాండు కొత్తగా కడుతున్నారు, ముందు పెట్టడానికి ఏదైనా చెయ్యగలవాళ్ళు బొమ్మ గీసి పంపండి అని గోడల మీద కాగితాలు అంటించారు. షాపులో మిగిలిన రేకు ముక్కలతో చిన్న చిన్న పిట్టలు చేసుకోవడం తప్ప తనది కళ అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అయినా గీసి పంపింది. అరవైమందిలో ఆమెని ఎంచుకున్నారు.

"పెద్ద పెద్ద శిల్పులు పంపారు. మీరొక్కరే కింద కూర్చునేవాళ్ళని కూడా గీశారు" అంది కళల విభాగం చూసే మేడమ్. ఆ మాట విన్న రోజు గేట్లక్క భూమికి బెత్తెడు ఎత్తున నడిచింది.

ఇప్పుడు కాళ్ళు భూమిలోకి దిగబడిపోతున్నాయి. ఎందుకంటే ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలుసు.

పెద్ద గొడుగు చేతిని స్తంభానికి అతికిన రోజు ముసురు పట్టింది. రాడ్ల పెట్టె మూత ఎవరు తీసి ఉంచారో, తేమ పట్టింది. తేమ పట్టిన రాడ్డుతో వెల్డింగ్ చేస్తే అతుకు లోపల గాలి బుడగలు చిక్కుకుంటాయి, పైకి బాగున్నా లోపల బొరుగుల్లా ఉంటుంది. ఆ రాడ్లని ముందు పొయ్యిలో కాల్చి ఆరబెట్టాలి. మర్నాటికే క్రేను మాట్లాడి ఉంది. పైగా కరెంటు పోతూ వస్తూ ఉంది. గేట్లక్క ఆ రాడ్లతోనే కానిచ్చేసింది. గ్రైండింగ్ చేశాక అతుకు మీద సూది మొనంత చిల్లులు కనపడ్డాయి. వాటిలో పుట్టీ నింపింది, రుద్ది నున్నగా చేసి రంగు వేసింది. గేట్లకి అందరూ చేసేదే. గేటు ఊడితే మహా అయితే కాలి మీద పడుతుంది. నగర సభ ఇంజినీరు వచ్చి నిగనిగలాడే రంగు చూసి బాగుందని సంతకం పెట్టి వెళ్ళాడు. అప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు.

బస్టాండు నుంచి షాపుకి ఎట్లా వచ్చిపడిందో ఆమెకే తెలియదు. తండ్రి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని బోల్టులు తడిమి సైజుల వారీగా వేరు చేస్తున్నాడు.

"నాన్నా, పెద్ద గొడుగు చప్పుడు చేసింది."

ఆయన చేతులు ఆగాయి. "ఎట్లాంటి చప్పుడు?"

"టిక్ అని. ఒక్కసారే."

బోల్టు ఒకటి వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "రాడ్లు ఆరబెట్టావా?"

ఆమె జవాబివ్వలేదు. ఆయనకి అది చాలు.

"పుట్టీ పెట్టావా తల్లీ?"

"పెట్టాను."

ఆయన చేతిలో బోల్టు జారి కింద పడి దొర్లుకుంటూ పోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తియ్యలేదు.

"ఎవరితోనూ అనకు" అన్నాడు చివరికి. "ఆదివారం నాడు రంగు పాడైందని చెప్పి నిచ్చెన వేసుకుని ఎక్కుదాం. మళ్ళీ వెల్డ్ చేసేద్దాం. మూడో కంటికి తెలియదు. తెలిస్తే మన దగ్గర గేటు కాదు గదా, గొళ్ళెం చేయించుకునేవాడు కూడా ఉండడు."

"ఆదివారం దాకా ఆగుతుందా?"

"ఇన్నాళ్ళు ఆగలేదూ?"

"నాలుగు రోజులే నాన్నా అయింది."

రేడియోలో ఎవరో మధ్యాహ్నం తర్వాత గాలివాన ఉందని చెప్తున్నారు. గేట్లక్క తండ్రి వైపు చూసింది. ఆయన మసక కళ్ళు రేడియో వైపు తిరిగి ఉన్నాయి. నాన్న భయపడగా ఆమె చూడటం అదే మొదలు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ నీరుగారిపోయింది. లేచి బయటికి నడిచింది.

"ఎక్కడికే?"

"ఆఫీసుకి."

కళల విభాగం నగర సభ భవనంలో మూడో అంతస్తులో, జనన మరణాల గది పక్కన ఒక చిన్న గది. మేడమ్ ఎల్లుండి జరగబోయే ప్రారంభోత్సవం ఆహ్వాన పత్రాలు కవర్లలో పెడుతోంది. గేట్లక్కని చూడగానే మొహం విప్పారింది. "రండి రండి. మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

గేట్లక్క కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. తడి రాడ్ల దగ్గర్నుంచి పుట్టీ దాకా, చప్పుడు దాకా ఏకరువు పెట్టింది. మేడమ్ మొహంలో నవ్వు మెల్లమెల్లగా వెలిసిపోయింది.

"ఖాయంగా తెలుసా? లేక అనుమానమా?"

"పగులు కంటితో చూడలేదు మేడమ్. కానీ తెలుసు."

మేడమ్ లేచి తలుపు మూసింది. వెనక్కి వచ్చి ఆహ్వాన పత్రాల కట్ట చేతిలోకి తీసుకుంది.

"చూడండమ్మా, మీకు తెలియంది కాదు. ఈ పథకానికి ఇది మొదటి పని. సభలో సగంమంది ఇప్పటికీ మమ్మల్ని తిడుతున్నారు. గుంతలు పూడ్చలేరుగానీ గొడుగులు కావాలా అని. ఇది పాడైందంటే వాళ్ళకి అంతకంటే పండగ లేదు. పిల్లల ఆసుపత్రి గోడకి బొమ్మలు వేసే ఆయన ఎదురు చూస్తున్నాడు. పార్కులో నాటకాలాడే బృందం ఎదురు చూస్తోంది. వాళ్ళందరి నోటి దగ్గర కూడు తీసేసినట్టవుతుంది. ఇంజినీరు సోమవారం దాకా సెలవు. ప్రారంభం కానివ్వండి. సోమవారం నేనే గుట్టుగా బాగు చేయిస్తాను. ఒట్టు."

"మధ్యాహ్నం గాలి వస్తుందంట మేడమ్."

"ప్రతి రోజూ చెప్తారు వాన వానా అని. వచ్చిందా?"

ఆ మాట అంటూనే ఆవిడ కిటికీ వైపు చూసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. భయపడిన మనిషి. ఈ ఊళ్ళో ఇవాళ తనతో కలిపి ముగ్గురు భయపడుతున్నారు, ఆ గొడుగు కింద కూర్చున్నవాళ్ళు తప్ప, అనుకుంది గేట్లక్క. రెండేసి మెట్ల చొప్పున దిగింది. 

వీధిలోకి వచ్చేసరికి ఆకాశం పొగచూరిన మూకుడులా ఉంది. దుమ్ము లేచింది. చెత్త కాగితాలు గిర్రున తిరుగుతున్నాయి. ఆమె పరుగు మొదలుపెట్టింది. నలభై దాటిన ఆడమనిషి నడిరోడ్డున పరిగెత్తుతుంటే ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. ఆమెకి వినపడలేదు. చెవిలో ఆ 'టిక్' ఒక్కటే జోరీగలా తిరుగుతోంది.

బస్టాండు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె భయపడిందంతా కళ్ళ ముందు జరుగుతోంది. వాన పడితే మనుషులు ఏం చేస్తారు? గొడుగు కిందకి పోతారు. నాలుగు వైపుల నుంచీ జనం సంచులు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని పెద్ద గొడుగు కిందకే వస్తున్నారు. అది గీసినప్పుడు ఆమె ఊహించుకున్న దృశ్యం అచ్చంగా అదే. ఇరవైమంది, ముప్ఫైమంది. పేపరు పెద్దాయన సర్దుకుని కూర్చుని ఇంకో ఇద్దరికి చోటిచ్చాడు.

"లేవండి! అందరూ లోపలికి పోండి! ఇక్కడ ఉండొద్దు!"

కొందరు తిరిగి చూశారు. "ఏమ్మా, గొడుగు కింద నుంచి వానలోకి పొమ్మంటావా?" అన్నాడొకాయన. నలుగురు నవ్వారు. వాళ్ళ నెత్తి మీద గొడుగు సన్నగా ఊగింది. చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి రెండుసార్లు. వాన హోరులో ఎవరికీ వినపడలేదు. 

ఒకావిడ చెయ్యి పట్టుకు లాగింది. ఆవిడ విదిలించుకుంది. "పిచ్చిదాన్లా ఉందే" అంది ఎవరో.

గేట్లక్క కంట్రోలరు గదిలోకి పరిగెత్తింది. బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఆయన అక్కడే ఉంటాడు. బట్టతల, చెవి మీద పెన్సిలు.

"ఏవండీ, ఆ గొడుగు పడిపోతుంది. అందర్నీ లోపలికి రమ్మని చెప్పండి."

"ఎవరు చెప్పారమ్మా?"

"నేను చెప్తున్నా."

"ఆఫీసు నుంచి కాగితం ఉందా? నా అంతట నేను చెప్తే రేపు నా మెడకి చుట్టుకుంటుంది."

మెడకి చుట్టుకోవడం. పొద్దున్నించి అందరూ అంటున్నది ఆ ఒక్క మాటే, తనతో సహా. ఆమెకి ఒక్కసారిగా ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"అయితే ఆ మైకు నాకివ్వండి. నా మెడకే చుట్టుకోనివ్వండి."

ఆయన ఆమె మొహం చూశాడు. ఏం కనపడిందో, మైకు ముందుకి తోసి కుర్చీ వెనక్కి జరిపాడు.

బటను నొక్కింది. ఊళ్ళో వాళ్ళంతా బయట ఉన్నారు. ఆమె గేట్లు చేసిన ఇళ్ళవాళ్ళూ ఉండి ఉంటారు. ఒక్క మాట బయటికొస్తే తండ్రి నలభై ఏళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఆమె కళ్ళు మూసుకుంది.

"పెద్ద గొడుగు కింద ఉన్నవాళ్ళకి చెప్తున్నా. దాన్ని చేసింది నేనే. గేట్లక్కని. అతుకు సరిగ్గా పడలేదు. నాకు తెలిసి కూడా పైన రంగు వేసేశాను. తప్పు నాదే. అది విరుగుతోంది, చప్పుడు విన్నాను. బాబ్బాబు, మీ కాళ్ళు పట్టుకుంటాను, పిల్లల్ని తీసుకుని లోపలికి వచ్చెయ్యండి."

కిటికీలోంచి చూసింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒకేసారి తలలెత్తి పైకి చూశారు. ఆ వెంటనే తొక్కుకుంటూ తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. కంట్రోలరు ఫోను అందుకుని అగ్నిమాపక కేంద్రానికి నంబరు తిప్పాడు.

ఆ తర్వాతి అరగంట గేట్లక్క బతుకులో అతి పొడుగైనది. జనమంతా బస్టాండు షెడ్డు అంచున నిలబడి ఖాళీ బెంచీల వైపు చూస్తున్నారు. గాలి ఊపేస్తోంది. గొడుగు ఊగుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఊగుతోంది. పడలేదు.

వాన తగ్గుముఖం పట్టింది.

"ఏదమ్మా, పడలేదే?" అన్నాడు ఇందాక నవ్వినాయన.

"ఊరికే హడలగొట్టింది. నా బస్సు పోయింది" అంది ఇంకొకావిడ.

ఆమెకి ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. తన అనుమానమే తప్పయితే? ఉన్న పరువు తన చేతులతో తానే తీసుకుని, మేడమ్ పథకాన్ని కాలరాసి, నవ్వేవాళ్ళ ముందు జారిపడినట్టయితే? మనసులో ఒక మూల 'పడిపోతే బావుణ్ణు' అన్న మాట పుట్టింది. పుట్టగానే దానికీ భయపడింది.

పేపరు పెద్దాయన ఎవరితోనూ చెప్పకుండా చిన్నగా నడుచుకుంటూ పోయి తన బెంచీ మీద కూర్చున్నాడు. తడిసిన బెంచీని పేపరుతో తుడుచుకుని మరీ కూర్చున్నాడు. అది చూసి ఇంకో ఇద్దరు అటు కదిలారు.

గేట్లక్క ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే పోయేది కాదు. ప్రాణాలు అరచేత పట్టుకుని ఆ గొడుగు కిందకి పరిగెత్తి పెద్దాయన రెండు చేతులూ పట్టుకుంది.

"తాతా, లే తాతా, నీకు దండం పెడతా."

"నేను చూడాల్సినవన్నీ చూసేశానమ్మా. మోకాళ్ళ నొప్పులు, నిలబడలేను."

"నా వల్ల పోకు తాతా! ఇంకెట్లా అయినా పో, నా వల్ల పోకు!"

ఆ మాటకి ఆయన ఉలిక్కిపడి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మారు మాట్లాడకుండా ఆమె భుజం మీద బరువు వేసి లేచాడు. షెడ్డు దాకా పన్నెండు అడుగులు. ఒక్కో అడుగూ ఆమె వెన్నులో లెక్కపడింది.

ఫైరింజను వచ్చింది. వెనకే చిన్న క్రేను. బెంచీల చుట్టూ తాడు కట్టారు. పైకి ఎత్తే తొట్టిలో ఒక మనిషి ఎక్కుతుంటే గేట్లక్క అడ్డం పడింది. "ఎక్కడ చూడాలో మీకు తెలియదు. నన్ను ఎక్కించండి."

"ముందు గొడుగుని క్రేనుకి బిగించాక" అన్నాడు వాళ్ళ పెద్ద. నాలుగు బెల్టులు వేసి గొడుగుని పట్టి ఉంచాక ఆమె నడుముకి పట్టీ కట్టి ఎక్కించాడు.

పైన గాలి చల్లగా ఉంది. తను వేసిన రంగు తళతళ మెరుస్తోంది. చాకుతో గీకింది. రంగు ఊడింది, కింద తెల్లటి పుట్టీ పెచ్చులుగా లేచింది. దాని కింద పగులు. గోరు దూరేంత. ఇనుప చేతి పైభాగం చుట్టూ సగం దాకా పాకి ఉంది. లోపలికి వాననీరు దిగి ఎర్రటి తుప్పు చార కిందకి కారుతోంది. పక్కనున్న ఫైర్‌మన్ తొంగి చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆ ఇనుప చేతిని కోసి గొడుగుని దింపాలని నిశ్చయించారు. రంపం పెట్టారు. అది పావు వంతైనా దిగలేదు. అతుకు దగ్గర 'ఫట్'మని విరిగింది. గొడుగు బెల్టుల్లో ఒక్కసారి జారి, ఊగి, ఆగింది. కింద రెండు వందలమంది నోళ్ళలోంచి ఒకే శబ్దం వచ్చింది. 

ఆమె తొట్టి దిగింది. అక్కడే తడి నేల మీద కూర్చుండిపోయింది. ఎదురుగా మేడమ్. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది, చేతిలో ఇంకా ఆహ్వాన పత్రాల కట్ట. ఎప్పుడు వచ్చిందో.  పక్కన గొంతుక్కూర్చుంది.

జనంలోంచి కర్ర పొడుచుకుంటూ తండ్రి వచ్చాడు. మసక కళ్ళతో ఎవరు అధికారో తెలియక అందరికీ వినపడేలా అన్నాడు. "పుట్టీ పెట్టడం దానికి నేర్పింది నేను. రాసుకునేటప్పుడు నా పేరు కూడా రాసుకోండి."

పది రోజుల తర్వాత నగర సభలో దుమ్మెత్తిపోశారు. గేట్లక్కని పిలిపించి నిలబెట్టి రెండు గంటలు ప్రశ్నలు వేశారు. ఇంజినీరుకి నోటీసు ఇచ్చారు. పథకమే ఎత్తెయ్యాలని ఒక వర్గం పట్టుబట్టింది. మేడమ్ లేచి, ఆ పొద్దున తలుపు మూసి ఆగమన్నది తనేనని ఒప్పుకుంది. సభ నివ్వెరపోయింది. ఆవిడ ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నారు. వేరే విభాగానికి మార్చారు. పథకం ఓటింగులో మూడు ఓట్ల తేడాతో బతికింది. ఇకముందు ఏ పనైనా జనం మధ్య పెట్టేముందు ప్రతి అతుకూ బయటి మనిషి పరీక్షించాలని, పరీక్ష పాసవ్వని వెల్డర్ చెయ్యి పెట్టకూడదని రూలు పెట్టారు. ఆసుపత్రి గోడ మీద బొమ్మలు మొదలయ్యాయి. ఆరు చిన్న గొడుగులు కూడా దింపి పరీక్షకి పంపారు. పెద్దదాన్ని మళ్ళీ పెట్టాలా వద్దా అన్నది తర్వాత చూద్దామన్నారు.

షాపుకి రెండు నెలలు ఎవరూ రాలేదు. మూడో నెల ఒకాయన గేటు చేయించుకోవడానికి వచ్చాడు. "మీరైతే పాడైతే పాడైందని చెప్తారు కదా" అన్నాడు. అది పొగడ్తో దెప్పిపొడుపో ఆమెకి అర్థం కాలేదు.

వెల్డర్ల పరీక్షకి ఆమె పేరిచ్చింది. పాసయితే గొడుగులు మళ్ళీ చేయనిస్తారని కాదు. ఎవరూ ఆ మాట ఇవ్వలేదు. పరీక్ష రోజున హాల్లో పాతికమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే పెద్దది. రెండు దళసరి పలకలు అతికి ఇవ్వాలి. వాటిని పెద్ద యంత్రంలో పెట్టి, అతుకు మీదే ఒత్తిడి వచ్చేలా వంచుతారు. పగులు కనపడితే ఫెయిలు. ఆమె పొయ్యిలో కాల్చిన రాడ్లు ఒక్కొక్కటే తీసి వాడింది. 

పరీక్షకుడు పలకని యంత్రంలో పెట్టి మీట లాగాడు. ఇనుము మూలిగింది. మెల్లగా వంగడం మొదలైంది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే యంత్రం పక్కకి ఆనింది. అరచేతిలో 'టిక్' కోసం ఎదురు చూస్తూ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చూసుకోండమ్మా" అన్నాడాయన.

గుర్రపు నాడాలా వంగిన పలక బల్ల మీద ఉంది. అతుకు మీద గీత కూడా లేదు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ముందుకి వంగి చూశారు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది, ఇంకా వెచ్చగా ఉంది. బొటనవేలితో ఆ వంపంతా ఒకసారి తడిమింది, మళ్ళీ ఒకసారి తడిమింది.

"ఇంకోటి చెయ్యనా సార్?" అంది.

"ఒకటి చాలమ్మా. పాసయ్యారు."

"మీకు చాలు సార్. నాకు చాలదు" అని ఆమె మళ్ళీ వెల్డింగ్ ముసుగు పెట్టుకుంది.